రెండు ఫంక్షన్లు సమానమా? ఏ పోలికను ఎక్కడ వాడాలి

ఒకటి నుంచి ఎన్ వరకు ఉన్న సంఖ్యల మొత్తం కావాలి. ఒకరు లూప్ రాస్తారు, సున్నాతో మొదలై ఒక్కో సంఖ్యనూ కలుపుకుంటూ పోతుంది. ఇంకొకరు బడిలో నేర్చుకున్న సూత్రం రాస్తారు: ఎన్ × (ఎన్ + 1) / 2. రెండిటికీ 10 ఇస్తే 55 వస్తుంది, 100 ఇస్తే 5050 వస్తుంది. ఇవి రెండూ సమానమేనా? లెక్కల మాస్టారు అవునంటారు. జావాస్క్రిప్ట్‌లో === పెట్టి అడిగితే ఫాల్స్ అంటుంది. గో భాష ఆ ప్రశ్న అడగనే అడగనివ్వదు, కంపైల్ దగ్గరే ఆపేస్తుంది. ఇక −5 ఇచ్చి చూస్తే లూప్ ఒక్కసారి కూడా తిరగదు కాబట్టి 0 వస్తుంది, సూత్రం మాత్రం 10 ఇస్తుంది. అంటే మాస్టారి మాట నిలబడాలన్నా ఎన్ సున్నాకి తగ్గకూడదన్న షరతు పెట్టుకోవాలి.

ఇన్ని జవాబులు ఎందుకు వస్తున్నాయంటే, మనం అడుగుతున్నది ఒక ప్రశ్న కాదు. ఈ రెండు పేర్లూ మెమరీలో ఒకే వస్తువుని చూపిస్తున్నాయా? రెండిటి కోడ్ ఒకటేనా? ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే జవాబు ఇస్తాయా? ఒకదాన్ని తీసి రెండోది పెడితే, వేగంతో సహా, ఎక్కడా తేడా తెలియకుండా ఉంటుందా? అందుకే ఫంక్షన్లను పోల్చాల్సి వచ్చినప్పుడు ముందు చూసుకోవాల్సింది, వచ్చిన జవాబుతో ఏం చేయబోతున్నామని. లిజనర్‌ని (క్లిక్ లాంటిది జరిగినప్పుడు నడిచే ఫంక్షన్‌ని) తీసేయడానికా, తెరని మళ్లీ రెండర్ చేయాలా (గీయాలా) వద్దా తేల్చుకోవడానికా, పాత కోడ్ తీసి కొత్తది పెట్టడానికా? పనిని బట్టి పోలిక మారిపోతుంది. చాలాసార్లు అసలు ఫంక్షన్లను పోల్చే అవసరమే రాకుండా కోడ్ మార్చుకోవడం అన్నిటికంటే మంచిదని నా గట్టి అభిప్రాయం. దాని సంగతి చివర్లో చెబుతాను.

అన్ని ఇన్‌పుట్‌లకీ చూసి చెప్పే పోలిక ఉండదా?

రెండు ఫంక్షన్లు ఇస్తే, ఏ ఇన్‌పుట్‌కైనా ఒకే జవాబు ఇస్తాయో లేదో తేల్చే ఒక సాధనం ఉందనుకుందాం. ఇప్పుడు ఏదో ఒక ప్రోగ్రాం తీసుకోండి. దాన్ని పూర్తిగా నడిపి, అది ఆగాక 0 ఇచ్చే ఫంక్షన్ ఒకటి రాయండి. ఏమీ చేయకుండా నేరుగా 0 ఇచ్చే ఫంక్షన్ ఇంకొకటి రాయండి. ఆ ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగేదైతే ఈ రెండూ సమానం, ఆగనిదైతే కాదు. కాబట్టి మన సాధనం ఏ ప్రోగ్రాం ఆగుతుందో, ఏది ఆగదో కూడా చెప్పేయగలదన్నమాట. అలాంటిది సాధ్యం కాదని ఆలన్ ట్యూరింగ్ 1936లోనే చూపించాడు. 1953లో హెన్రీ గార్డన్ రైస్ ఇంకా ముందుకెళ్లి, ప్రోగ్రాం ప్రవర్తన గురించిన, అన్నిటికీ ఒకేలా వర్తించని ఏ ప్రశ్ననైనా సరే, అన్ని ప్రోగ్రాంలకూ పనిచేసేలా తేల్చే పద్ధతి ఉండదని నిరూపించాడు. ఈ గోడకి ఏ భాషా మినహాయింపు కాదు. రేపు ఎంత వేగమైన మెషీన్ వచ్చినా ఇది మారదు.

అయితే ఈ ఫలితం "అన్ని ఫంక్షన్లకూ" కుదరదని చెబుతోంది తప్ప, మన ముందున్న ఫలానా ఫంక్షన్లకి కుదరదని చెప్పడం లేదు. ఇన్‌పుట్‌లు కొన్నే ఉంటే అన్నీ ఇచ్చి చూసేయవచ్చు. ఒక బైట్ తీసుకునే ఫంక్షన్‌కి 256 ఇన్‌పుట్‌లే. 32 బిట్ల సంఖ్య ఒకటైతే సుమారు 429 కోట్లు. ఎక్కువ అనిపిస్తుంది గానీ చిన్న ఫంక్షన్‌కైతే మామూలు ల్యాప్‌టాప్ మీదే అన్నీ చూసేయవచ్చు. అలా చూడగలిగిన చోట శాంపిల్ టెస్టులతో సరిపెట్టుకోవడం ఎందుకు? అలాంటి సంఖ్యలు రెండు తీసుకుంటే మాత్రం కథ మారుతుంది. సెకనుకి 100 కోట్ల జతలు చూసినా దాదాపు 584 ఏళ్లు పడుతుంది.

మార్టిన్ ఎస్కార్డో 2007లో వివరించిన ఒక విచిత్రం ఇక్కడ చెప్పుకోవాలి. అంతులేని 0, 1ల వరసను ఇన్‌పుట్‌గా తీసుకుని, ఎప్పుడూ తప్పకుండా అవుననో కాదనో చెప్పే ఫంక్షన్లు ఉన్నాయనుకోండి. అలాంటి రెండిటిని పోల్చి, సమానమో కాదో కచ్చితంగా తేల్చే ప్రోగ్రాం రాయవచ్చు. ఇన్‌పుట్‌లు అనంతం, అయినా సాధ్యమే. జవాబు చెప్పే లోపు ఆ ఫంక్షన్ ఎన్నో కొన్ని బిట్లే చదవగలదు, ఏ ఇన్‌పుట్‌కైనా అంతకు మించి చదవదన్న ఒక హద్దు దానికి ఉంటుంది. ఆ హద్దే ఈ పోలికకి ఆధారం. ఆఫీసు పనిలో ఇది అక్కరకు రాకపోవచ్చు, కానీ "అనంతం కాబట్టి అసాధ్యం" అనేయడం తప్పని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

భాషలు పట్టిన దారులు

ఎక్కువ భాషలు మొదటి ప్రశ్నకే జవాబిస్తాయి: మెమరీలో ఒకటేనా? జావాస్క్రిప్ట్‌లో ఒకే అక్షరాలతో రెండుసార్లు రాసిన ఫంక్షన్లు రెండు వేర్వేరు వస్తువులు. పైథాన్ కూడా అంతే, ఒక చిన్న సౌకర్యం తప్ప. ఒక ఆబ్జెక్ట్ మెథడ్‌ని రెండుసార్లు చుక్క పెట్టి తీసుకుంటే ప్రతిసారీ కొత్త బౌండ్ మెథడ్ (ఆబ్జెక్ట్‌నీ ఫంక్షన్‌నీ జతచేసిన వస్తువు) తయారవుతుంది, కాబట్టి ఒకే వస్తువా అని అడిగే ఈజ్ పెడితే ఫాల్స్ వస్తుంది. == పెడితే మాత్రం ట్రూ, ఎందుకంటే ఆబ్జెక్ట్ అదేనా, లోపలి ఫంక్షన్ అదేనా అని రెండూ చూస్తుంది. సీషార్ప్‌లో ఫంక్షన్లను పట్టుకునే డెలిగేట్‌లు ఇదే పద్ధతి పాటిస్తాయి. ఇది మంచి మధ్యేమార్గం. పైథాన్‌లో మెథడ్‌ని కాల్‌బ్యాక్‌గా ఇచ్చి, తర్వాత తీసేయాల్సి వస్తే == వాడండి, ఈజ్ వాడకండి. కొన్ని ఆర్గ్యుమెంట్లు ముందే నింపి ఫంక్షన్ తయారుచేసే, ఫంక్‌టూల్స్‌లోని పార్షియల్ విషయంలో ఈ సౌకర్యం లేదు. ఒకే ఫంక్షన్‌తో, ఒకే ఆర్గ్యుమెంట్లతో చేసిన రెండు పార్షియల్‌లు సమానం కావు.

జావా లాంబ్డాల (పేరు లేకుండా అక్కడికక్కడ రాసే ఫంక్షన్ల) విషయం ఇంకా జారుడు. లాంబ్డాని నడిపిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ ఇవ్వాలా, పాతదే ఇవ్వాలా అన్నది భాషా నియమావళి జావాని నడిపే జేవీఎంకే వదిలేసింది. ఇవాళ ట్రూ వచ్చిందని దాని మీద ఆధారపడకూడదు. స్కీమ్ ప్రమాణాల్లోనూ ఈ తడబాటు కనిపిస్తుంది. 2007 నాటి ఆరో ప్రమాణంలో ఒక ప్రొసీజర్‌ని (ఫంక్షన్‌ని) దానితోనే ఈక్యూవీ అనే పోలిక పెట్టి చూసినా జవాబు ఇదీ అని కచ్చితంగా చెప్పలేదు. 2013లో వచ్చిన ఏడోది మళ్లీ పాత పద్ధతికి, అంటే సమానమేననే దానికి, వెళ్లింది.

ఇంకో గుంపు భాషలు పోలికనే ఒప్పుకోవు. గోలో ఫంక్షన్‌ని నిల్‌తో (ఖాళీ విలువతో) మాత్రమే పోల్చగలం. మొదట్లో కొంత వెసులుబాటు ఉండేది, క్లోజర్లతో (బయటి విలువలను పట్టుకుని ఉండే ఫంక్షన్లతో) చిక్కులు వస్తున్నాయని 2012లో గో 1 విడుదలప్పుడు తీసేశారు. హాస్కెల్, స్టాండర్డ్ ఎమ్‌ఎల్, ఎఫ్‌షార్ప్, స్విఫ్ట్‌లలో టైప్ చెకర్ దగ్గరే ఆగిపోతుంది. ఓకామెల్‌లో = గుర్తు కంపైల్ అవుతుంది గానీ, నడిచేటప్పుడు ఫంక్షన్ ఎదురైతే ఎక్సెప్షన్ వస్తుంది. ఎల్మ్‌లోనూ నడిచేటప్పుడే దెబ్బ తగులుతుంది. నాకు హాస్కెల్, గో పద్ధతే నచ్చుతుంది. జవాబు చెప్పలేని ప్రశ్నకి ఫాల్స్ అని చెప్పేస్తే, చదివేవాళ్లు "రెండూ వేరు" అని అర్థం చేసుకుంటారు. అక్కడ తెలిసింది "రెండు వస్తువులు" అని మాత్రమే. గో వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: రిఫ్లెక్ట్ ప్యాకేజీలోని డీప్‌ఈక్వల్, నిల్ కాని రెండు ఫంక్షన్లు ఎప్పుడూ సమానం కావనే చెబుతుంది. అందువల్ల ఫంక్షన్ ఫీల్డ్ ఉన్న స్ట్రక్ట్ విలువని దానితోనే పోల్చినా ఫాల్స్ రావచ్చు. టెస్టుల్లో ఇది చాలామందిని తికమక పెడుతుంది.

సీ, సీ++, రస్ట్‌లలో ఫంక్షన్ పాయింటర్లను (ఫంక్షన్ల మెమరీ అడ్రసులను) పోల్చవచ్చు. భాష ప్రకారం రెండు వేర్వేరు ఫంక్షన్లకి వేర్వేరు అడ్రసులు ఉండాలని సీ అంటుంది. కానీ కోడ్ ముక్కలను కలిపి ప్రోగ్రాంగా చేసే లింకర్లు, సైజు తగ్గించడానికి ఒకేలాంటి మెషీన్ కోడ్ ఉన్న ఫంక్షన్లను ఒకటిగా మడిచేయగలవు. మైక్రోసాఫ్ట్ లింకర్‌లోనూ, గోల్డ్, ఎల్‌ఎల్‌డీ లింకర్లలోనూ ఐసీఎఫ్ అనే ఈ సౌకర్యం ఉంది. అది ఆన్ చేస్తే, పేర్లు వేరైన రెండు ఖాళీ హ్యాండ్లర్లు ఒకే అడ్రసుకి రావచ్చు. గోల్డ్, ఎల్‌ఎల్‌డీలలో సేఫ్ అనే స్థాయి ఉంది, అడ్రసు తీసుకున్న ఫంక్షన్లను అది మడవదు. రస్ట్‌లో ఇంకో వైపు చిక్కు కూడా ఉంది: ఒకే ఫంక్షన్ రెండు చోట్ల విడివిడిగా తయారై రెండు అడ్రసులు పొందవచ్చు. అందుకే 2025లో వచ్చిన 1.85 నుంచి కంపైలరే ఇలాంటి పోలికల మీద హెచ్చరిక ఇస్తోంది. పాయింటర్ పోలికని వేగం కోసం చిన్న అడ్డదారిగా వాడుకోండి, ప్రోగ్రాం సరిగ్గా నడవడం దాని మీద ఆధారపడనివ్వకండి.

లిజనర్లు, రియాక్ట్: రోజూ తగిలే చోటు

వెబ్ పనిలో ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది ఇక్కడే. లిజనర్‌ని తీసేసే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కి, తగిలించేటప్పుడు ఇచ్చిన అదే ఫంక్షన్ వస్తువు ఇవ్వాలి, క్యాప్చర్ సెట్టింగ్ కూడా అదే ఉండాలి. తగిలించేటప్పుడు ఒక యారో ఫంక్షన్ రాసి, తీసేటప్పుడు అదే యారో ఫంక్షన్ మళ్లీ రాస్తే ఏమీ జరగదు. ఎర్రర్ కూడా రాదు, అదే అసలు ఇబ్బంది. బైండ్ పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ వస్తుంది కాబట్టి దానితోనూ ఇదే కథ. పైగా ఒకే రిఫరెన్స్‌ని రెండుసార్లు తగిలిస్తే బ్రౌజర్ ఒకసారే లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడికక్కడ రాసిన ఫంక్షన్ అయితే ప్రతిసారీ కొత్తది చేరుతుంది, ఒక్క క్లిక్‌కి పని నాలుగుసార్లు జరుగుతుంది.

ఒకటో రెండో లిజనర్లు ఉంటే ఫంక్షన్‌కి పేరు పెట్టి వేరియబుల్‌లో ఉంచుకోవడం చాలు. ఒక పాపప్ బాక్సో, ఒక పేజీయో మూసేటప్పుడు అరడజను లిజనర్లు ఒకేసారి పోవాలంటే అబార్ట్‌కంట్రోలర్ వాడండి. తగిలించేటప్పుడు దాని సిగ్నల్ ఇస్తే, తర్వాత ఒక్క అబార్ట్ పిలుపుతో అన్నీ పోతాయి, ఏ ఫంక్షన్ ఏదని పోల్చుకునే బాధే ఉండదు. కొత్త కోడ్‌లో నేను ఎప్పుడూ దీనికే ఓటేస్తాను.

వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీలో కాంపొనెంట్ (పేజీలోని ఒక ముక్క) రెండర్ అయిన ప్రతిసారీ లోపల రాసిన ఫంక్షన్లన్నీ కొత్తగా పుడతాయి. ఎఫెక్ట్ (రెండర్ తర్వాత నడిచే కోడ్) డిపెండెన్సీలనీ, మెమో చుట్టిన (ప్రాప్స్ మారకపోతే మళ్లీ రెండర్ కాని) కాంపొనెంట్ ప్రాప్స్‌నీ (దానికి అందే విలువలనీ) రియాక్ట్ ఆబ్జెక్ట్ డాట్ ఈజ్‌తో పోలుస్తుంది. కొత్త ఫంక్షన్ అంటే మారినట్టే లెక్క. అది కనిపించగానే చాలామంది వెంటనే, పాత ఫంక్షన్‌నే నిలిపి ఉంచే యూజ్‌కాల్‌బ్యాక్ తగిలిస్తారు. దానికంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఆ ఫంక్షన్ ప్రాప్స్‌నీ స్టేట్‌నీ వాడకపోతే కాంపొనెంట్ బయటికి తెచ్చేయండి, ఇక అది ఎప్పటికీ ఒకటే. ఒక్క ఎఫెక్ట్‌లోనే వాడుతుంటే ఆ ఎఫెక్ట్ లోపలికి నెట్టేయండి. పాత స్టేట్ చూసి కొత్తది పెట్టడమే పని అయితే, సెటర్‌కి విలువ బదులు అప్‌డేటర్ ఫంక్షన్ ఇవ్వండి, డిపెండెన్సీల జాబితాలోంచి ఆ స్టేట్ పోతుంది. సెటర్ రిఫరెన్స్ ఎలాగూ మారదు. ఇవేవీ కుదరనప్పుడు యూజ్‌కాల్‌బ్యాక్. అందుకునే కాంపొనెంట్‌కి మెమో లేకుండా, ఏ డిపెండెన్సీ జాబితాలోనూ లేకుండా ఉన్న ఫంక్షన్‌కి యూజ్‌కాల్‌బ్యాక్ చుట్టడం వల్ల లాభం ఏమీ లేదు, చదవడానికి భారం తప్ప. రియాక్ట్ కంపైలర్ వాడే ప్రాజెక్టుల్లో ఈ మెమో పనిలో చాలా భాగం అదే చూసుకుంటుంది.

కోడ్ అక్షరాలను పోల్చడం

ఫంక్షన్‌ని స్ట్రింగ్‌గా మార్చి పోల్చమనే సలహా అప్పుడప్పుడు కనిపిస్తుంది. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. ఒక సంఖ్య ఇస్తే, ఆ సంఖ్యని కలిపే ఫంక్షన్ తయారుచేసి ఇచ్చే ఫంక్షన్ ఉందనుకోండి. 5 ఇచ్చి ఒకటి, 10 ఇచ్చి ఒకటి తెచ్చుకుంటే రెండిటి కోడ్ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. పట్టుకుని ఉన్న విలువలే వేరు, అవి స్ట్రింగ్‌లో కనబడవు. సమానమైనవాటిని వేరని పొరబడితే అనవసరంగా ఒకసారి ఎక్కువ లెక్కేస్తాం, అంతే. వేరైనవాటిని సమానమనుకుంటే పాత ఫంక్షనే నడుస్తూ తప్పు జవాబులు ఇస్తుంది. స్ట్రింగ్ పోలిక చేసేది ఈ రెండో రకం తప్పు. పైథాన్‌లో బైట్‌కోడ్ పోల్చినా ఇదే లోపం, క్లోజర్ విలువలూ గ్లోబల్స్ దాని బయట ఉంటాయి.

ఈ పద్ధతిని సరిగ్గా చేసి చూపించింది యూనిసన్ భాష. అక్కడ ప్రతి నిర్వచనానికీ దాని కోడ్ చెట్టు నుంచి లెక్కగట్టిన హ్యాషే (వేలిముద్ర లాంటి సంఖ్యే) గుర్తింపు. లోపలి వేరియబుల్ పేర్లు లెక్కలోకి రావు, పిలిచే ఇతర ఫంక్షన్ల హ్యాష్‌లు వస్తాయి. బిల్డ్ క్యాష్‌కీ, టెస్టు ఫలితాలు దాచుకోవడానికీ ఇది బాగా పనికొస్తుంది. అయినా మన లూపూ, సూత్రమూ అక్కడ కూడా రెండు వేర్వేరు హ్యాష్‌లే.

పాత కోడ్ స్థానంలో కొత్తది పెట్టేటప్పుడు

ఇక్కడ రిఫరెన్స్ పోలికతో పనే లేదు, కావాల్సింది జవాబుల పోలిక. ఇన్‌పుట్‌లు కొన్నే ఉంటే అన్నీ చూసేయండి. లేకపోతే చాలా ప్రాజెక్టులకి నా సలహా ప్రాపర్టీ టెస్టింగ్: ఇన్‌పుట్‌లను యంత్రమే పుట్టించి, పాత ఫంక్షన్‌కీ కొత్తదానికీ ఇచ్చి, జవాబులు కలుస్తున్నాయో లేదో చూస్తుంది. 2000లో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ హాస్కెల్ కోసం చేసిన క్విక్‌చెక్‌తో ఇది పేరు తెచ్చుకుంది. పైథాన్‌లో హైపాథసిస్, జావాస్క్రిప్ట్‌లో ఫాస్ట్‌చెక్ ఉన్నాయి. ఇవి తేడా దొరికితే చూపిస్తాయి, దొరకనంత మాత్రాన తేడా లేదని కాదు.

దీనికి బైనరీ సెర్చ్ మధ్య బిందువు మంచి ఉదాహరణ. కింది హద్దూ పై హద్దూ కలిపి 2తో భాగించడం ఒక పద్ధతి. పై హద్దులోంచి కింది హద్దు తీసేసి, అందులో సగాన్ని కింది హద్దుకి కలపడం ఇంకో పద్ధతి. కాగితం మీద రెండూ ఒకటే. జావాలో మొత్తం 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటితే మొదటిది పొంగిపొర్లి రుణసంఖ్య అయిపోతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ లోపం ఏళ్ల తరబడి ఉండిపోయిందని 2006లో జాషువా బ్లాక్ రాశాడు. చిన్న అర్రేలతో ఎన్ని టెస్టులు రాసినా అది పట్టుబడదు. పైథాన్ పూర్ణాంకాలకి హద్దు లేదు కాబట్టి అక్కడ ఈ రెండూ నిజంగానే సమానం. కాబట్టి ఇన్‌పుట్‌లు పుట్టించేటప్పుడు ఆ టైప్ హద్దుల దగ్గరి విలువలు తప్పకుండా కలపండి. దశాంశాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 0.1కి 0.2 కలిపి, దానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కలిపితే 0.6 వస్తుంది. కలిపే వరస మార్చిన రిఫ్యాక్టరింగ్‌ని (కోడ్ సర్దుబాటుని) == తో పరీక్షించవద్దు, ఎంత తేడా వరకు ఒప్పుకుంటామో ముందే నిర్ణయించుకోండి.

బిట్లతో, పూర్ణాంకాలతో పనిచేసే, లూపులు లేని చిన్న ఫంక్షన్లకి జెడ్3 లాంటి ఎస్‌ఎమ్‌టీ సాల్వర్ (తార్కిక షరతులను తేల్చే సాధనం) ఉంది. పైన చెప్పిన మధ్య బిందువుల జతని ఇస్తే, ఎక్కడ తేడా వస్తుందో ఆ సంఖ్యలే తెచ్చి చూపిస్తుంది, తేడా లేకపోతే లేదని రుజువు చేస్తుంది. ఇంకా గట్టి హామీ కావాలంటే లీన్, రాక్ లాంటి ప్రూఫ్ అసిస్టెంట్లు (రుజువులను సరిచూసే సాధనాలు) ఉన్నాయి. సహజ సంఖ్యల మీద మన లూపూ సూత్రమూ సమానమని ఇండక్షన్‌తో నిరూపించవచ్చు. క్రిప్టో లైబ్రరీలకి, కంపైలర్లకి ఆ శ్రమ తగినదే. మామూలు వ్యాపార అప్లికేషన్‌కి నేను సిఫారసు చేయను.

జవాబులు కలిసినా మార్చకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. పైథాన్‌లో రహస్య టోకెన్లను == తో పోల్చినా, హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌లోని కంపేర్ డైజెస్ట్‌తో పోల్చినా ట్రూ ఫాల్స్‌లు ఒకటే. కానీ మొదటిది తేడా కనబడగానే ఆగిపోవచ్చు, పట్టిన సమయాన్ని బట్టి దాడి చేసేవాడికి సమాచారం అందవచ్చు. రెండోదాన్ని ఆ ముప్పు తగ్గేలా రాశారు. ఇక్కడ జవాబుల పోలిక మీద ఆధారపడి ఒకదాని బదులు ఇంకొకటి పెడితే భద్రతే పోతుంది.

పోల్చాల్సిన అవసరమే లేకుండా

మొదట్లో చెప్పిన దారి ఇది. ఫంక్షన్ బదులు, ఆ ఫంక్షన్ ఏం చేయాలో చెప్పే డేటా దాచుకోండి. ఇలా ఫంక్షన్లను డేటాగా మార్చే పద్ధతిని జాన్ రేనాల్డ్స్ 1972లోనే వివరించాడు. ఉదాహరణకి ఒక షాపింగ్ యాప్‌లో సార్టింగ్ ఫంక్షన్‌ని చేతులు మార్చే బదులు "ధర, ఎక్కువ నుంచి తక్కువకి" అని చెప్పే చిన్న రికార్డ్‌ని పంపండి. దాన్ని మామూలుగా పోల్చవచ్చు, క్యాష్ కీగా వాడవచ్చు, యూఆర్‌ఎల్‌లో పెట్టవచ్చు, డేటాబేస్‌లో దాచవచ్చు, లాగ్‌లో చూస్తే అర్థమవుతుంది. నిజంగా సార్ట్ చేసే చోట మాత్రం ఒకే ఒక్క ఫంక్షన్ ఆ రికార్డ్ చదివి పని చేస్తుంది.

జాబ్ క్యూలలో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. విలువలను దాచుకోవడానికి వాడే పైథాన్ పికిల్, ఫంక్షన్‌ని దాచేటప్పుడు కోడ్ దాచదు, మాడ్యూల్ పేరూ ఫంక్షన్ పేరూ దాస్తుంది. అందుకే లాంబ్డా ఇస్తే ఒప్పుకోదు. సెలరీ అనే జాబ్ క్యూ కూడా టాస్క్‌ని పేరుతోనే గుర్తుపడుతుంది. పేరు పెట్టినప్పుడు ఒక పూచీ మన మీద పడుతుంది: లోపలి ప్రవర్తన మారినా పేరు అదే ఉంటే, పాత క్యాష్ ఇంకా చెల్లుతుందనే అందరూ అనుకుంటారు. కాబట్టి పేరుతో పాటు వెర్షన్ నంబర్ కూడా కీలో కలపండి, ప్రవర్తన మార్చిన ప్రతిసారీ దాన్ని పెంచండి.

వాడేవాళ్లు సొంతంగా ఫార్ములాలు రాసుకునే అప్లికేషన్లలో ముందే రికార్డ్‌లు నిర్ణయించడం కుదరదు. అక్కడ రాసిన ఫార్ములాని ఫంక్షన్‌గా మార్చే ముందు ఉన్న చెట్టు రూపాన్నే దాచండి. ఖాళీలు, అనవసరమైన బ్రాకెట్లు, లోపలి వేరియబుల్ పేర్ల తేడాలు తీసేసి ఆ చెట్లనే పోల్చండి. లెక్క చేయాల్సి వచ్చినప్పుడు దాని నుంచి ఫంక్షన్ తయారుచేసుకోండి. ఒకే అర్థం ఉన్న కొన్ని ఫార్ములాలు వేరని తేలతాయి, ఒక లెక్క రెండుసార్లు జరుగుతుంది. ఫార్ములా బయటి విలువలేవీ పట్టుకోకుండా ఉన్నంతవరకు, వేరైనవి మాత్రం ఎప్పుడూ కలిసిపోవు.